తాళంచెవులన్నీ పోతే కారు ఎవరిని నమ్మాలి?

వానాకాలంలో కుంటాల జలపాతం చూడబోయేవాళ్ళు నేరడిగొండ దగ్గర 44వ జాతీయ రహదారి వదిలి అడవి దారి పడతారు. కారు పైనే ఆపి, మెట్లు దిగి నీళ్ళ దాకా వెళతారు. కడెం నది అక్కడ సుమారు 45 మీటర్ల ఎత్తు నుంచి బండల మీదికి దూకుతుంది. జేబులోంచి జారిన తాళంచెవి ఆ మడుగులో పడిందంటే దాని మీద ఆశ వదులుకోవలసిందే. వేములవాడ గుడి కోనేరు ధర్మగుండంలో మునిగినప్పుడు పోవచ్చు. పుష్య అమావాస్యకు కేస్లాపూర్ నాగోబా జాతరలో, జనం మధ్య పోవచ్చు. ఎక్కడ పోయినా, ఇంట్లో రెండోది ఉంటే ఎవరో ఒకరు తెచ్చి ఇస్తారు. ఆ రెండోది ఎప్పుడో పోయి, మిగిలిన ఒక్కటీ ఇప్పుడు పోతే?

అప్పుడు యజమాని చిత్రమైన ఇబ్బందిలో పడతాడు. బండి తనదే, ఆర్‌సీ మీద పేరు తనదే, బీమా కట్టేదీ తనే. ఆ సంగతి ఊరందరికీ తెలుసు, బండికి మాత్రం తెలియదు. పాతికేళ్ళ కింద ఇలాంటి అవసరం వస్తే కరీంనగర్ బజారులో తాళంచెవులు చేసే మనిషిని పిలుచుకొస్తే సరిపోయేది. ఇత్తడి బిళ్ళ, ఆకురాయి, చేతి నేర్పు ఉంటే పని అయిపోయేది. ఇవాళ అదే పనికి కంప్యూటర్, రేడియో తరంగాలు, రహస్య సంకేతాల గణితం తోడు కావాలి. ఇంత మార్పు ఎందుకు వచ్చిందో తెలియాలంటే తాళంచెవిని విప్పి చూడాలి.

ఒకే పిడిలో మూడు పనిముట్లు

ఇప్పటి సాధారణ కారు తాళంచెవిలో ఒకదానితో ఒకటి సంబంధం లేని మూడు భాగాలున్నాయి. మొదటిది లోహపు పట్టీ. తలుపు తాళాన్ని, ఇగ్నిషన్‌ను తిప్పేది అదే. రెండోది ప్లాస్టిక్ పిడిలో దాగిన చిప్. అది బియ్యపు గింజకన్నా కాస్త పెద్దది, దానికి బ్యాటరీ ఉండదు. ఇంజన్ నడవడానికి అనుమతి దాని నుంచే రావాలి. మూడోది బటన్లున్న రిమోట్. దూరం నుంచి తలుపులు తెరిచి మూయడం దాని పని, గుండ్రటి చిన్న బ్యాటరీతో నడుస్తుంది.

ఈ మూడింటినీ వేరువేరుగా చూస్తే చాలా సందేహాలు తీరిపోతాయి. రిమోట్ బ్యాటరీ అయిపోయినా బండి ఎందుకు స్టార్ట్ అవుతుంది? చిప్‌కు ఆ బ్యాటరీతో పని లేదు కనుక. బజారులో చేయించిన చవక నకలు తలుపు తెరిచి కూడా ఇంజన్‌ను ఎందుకు నడపలేదు? దానిలో లోహపు పట్టీ ఉంది, చిప్ లేదు కనుక. తాళంచెవి నీళ్ళలో తడిస్తే బటన్లు చచ్చిపోయి ఇంజన్ మాత్రం ఎందుకు నడుస్తుంది? రిమోట్ సర్క్యూట్‌కు తుప్పు పడుతుంది, గాజు గొట్టంలో మూసిన చిప్‌ను నీళ్ళు తాకలేవు.

కరీంనగర్ రోడ్ల మీద ఏపీ 15 నంబరు ప్లేటుతో ఇంకా తిరిగే పాత మారుతి 800లు కనిపిస్తాయి. 2024 మార్చి తర్వాత టీజీ 02తో రోడ్డెక్కిన కొత్త కార్లూ కనిపిస్తాయి. మొదటి రకంలో చాలావాటికి ఒక్క లోహపు పట్టీయే తాళంచెవి. రెండో రకంలో చాలావాటికి బటన్ నొక్కితే ఇంజన్ లేస్తుంది. ఆదిలాబాద్‌లో ఏపీ 01, టీఎస్ 01, టీజీ 01 బండ్ల మధ్య కూడా ఇదే తేడా. పోయింది ఏ కాలపు తాళంచెవి అన్నదాన్ని బట్టే కొత్తది చేయించే తిప్పలు ఉంటాయి.

ఇత్తడి రేకుల లెక్క

కారు తాళం లోపల ఒక గుండ్రటి లోహపు ముక్క ఉంటుంది. తాళంచెవి దూరేదీ, తిరిగేదీ దానిలోనే. దానికి అడ్డంగా కోసిన సన్నటి చీలికలుంటాయి. ఒక్కో చీలికలో ఒక్కో పలుచని ఇత్తడి రేకు, దాని వెనక చిన్న స్ప్రింగు. తాళంచెవి లేనప్పుడు స్ప్రింగులు రేకులను బయటికి నెట్టి చుట్టూ ఉన్న గూడులో ఇరికిస్తాయి. దాంతో లోపలి ముక్క కదలదు. సరైన తాళంచెవి దూరినప్పుడు దాని గాట్లు ఒక్కో రేకును ఒక్కో ఎత్తుకు లాగి అన్నిటినీ సమంగా లోపలికి తెస్తాయి. అడ్డం తొలగి తాళం తిరుగుతుంది.

ఎనిమిది రేకులు, ఒక్కో రేకుకు నాలుగు లోతులు ఉన్నాయనుకుంటే నాలుగును ఎనిమిదిసార్లు గుణించాలి. జవాబు 65,536. నిజానికి పనికొచ్చే కూర్పులు ఇంతకన్నా తక్కువే. పక్కపక్కనే మరీ లోతైన గాటు, మరీ పైగాటు వస్తే తాళంచెవి సాఫీగా దూరదు కనుక అలాంటివి తయారీదారులు వదిలేస్తారు. కొన్ని వేల కూర్పులు మాత్రమే ఉన్నప్పుడు ఒకే కంపెనీ అమ్మిన లక్షల కార్లలో ఒకదాని తాళంచెవి మరోదానికి పట్టే అవకాశం కొంతైనా ఉంటుంది. లోహపు పట్టీకి ఇది పుట్టుకతో వచ్చిన పరిమితి.

తాళంచెవులన్నీ పోయినా తాళం మిగిలే ఉంటుంది. పనివాడికి అదే ఆధారం. పాత పద్ధతిలో గాట్లు లేని ఇత్తడి బిళ్ళను తాళంలో పెట్టి బిగువుగా తిప్పి తీస్తారు. రేకులు ఒరుసుకున్న చోట బిళ్ళ మీద సన్నటి మచ్చలు పడతాయి. అక్కడ ఆకురాయితో కాస్త అరగదీసి మళ్ళీ పెట్టి చూస్తారు. ఒక రేకు సరైన ఎత్తుకు వచ్చిందంటే ఆ చోట మచ్చ పడడం ఆగిపోతుంది. ఇలా ఒక్కొక్కటే సరిచూస్తూ పోతే తాళం తిరుగుతుంది. కళ్ళతో, వేళ్ళతో కొలిచే ఈ విద్యలో తప్పు మిల్లీమీటరులో చిన్న భాగాన్ని కూడా మించకూడదు. ఒకప్పుడు ఆయుధాలకు పదును పెట్టిన సిక్లిగర్ సిక్కు కుటుంబాలు దక్కన్ పట్టణాల్లో ఈ పనినే బతుకుదెరువు చేసుకున్నాయి. బడి మెట్లు ఎక్కని చేతులు కూడా తాళం లోపలి జ్యామితిని ఇంత కచ్చితంగా చదవగలగడం గొప్ప విషయం. దానికి తగిన గౌరవం దక్కాలి.

ఇప్పుడు తాళంలో దూర్చి ఒక్కో రేకు లోతును స్కేలు మీద చదివే పనిముట్లు వచ్చాయి. కొత్త కారుతో పాటు చిన్న లోహపు బిళ్ళ మీదో కార్డు మీదో తాళంచెవి నంబరు ఇచ్చే కంపెనీలున్నాయి. ఆ నంబరు దొరికితే కంపెనీ పట్టిక ప్రకారం గాట్ల లోతులు తెలిసిపోతాయి. కంప్యూటర్ యంత్రం కొన్ని నిమిషాల్లో పట్టీ కోసి ఇస్తుంది. చాలామంది ఆ నంబరు బిళ్ళను తాళంచెవి రింగుకే వదిలేస్తారు. తాళంచెవితో పాటు అదీ పోతుంది.

బ్యాటరీ లేకుండా మాట్లాడే చిప్

పట్టీ తయారైంది, తలుపు తెరుచుకుంది, ఇగ్నిషన్ తిరిగింది. అయినా ఇంజన్ ఒక క్షణం నడిచి ఆగిపోతుంది, లేదా అసలు కదలదు. డ్యాష్‌బోర్డు మీద తాళంచెవి బొమ్మ ఎర్రగా మిణుకుతూ ఉంటుంది. ఇక్కడి నుంచి కథ భౌతికశాస్త్రం చేతికి వెళుతుంది.

ఇగ్నిషన్ రంధ్రం చుట్టూ కంటికి కనబడని రాగితీగ చుట్ట ఒకటి ఉంటుంది. తాళంచెవి తిప్పగానే దానిలో సెకనుకు 1,25,000 సార్లు ముందుకూ వెనక్కూ ఊగే విద్యుత్తు పారుతుంది. కొన్ని రకాల్లో ఇది 1,34,200. మారే విద్యుత్తు చుట్టూ మారే అయస్కాంత క్షేత్రం పుడుతుంది. ఆ క్షేత్రంలో మరో తీగ చుట్ట ఉంటే దానిలోనూ విద్యుత్తు పుడుతుంది. 1831లో మైకేల్ ఫారడే కనిపెట్టిన విద్యుదయస్కాంత ప్రేరణ ఇదే. తాళంచెవిలోని చిప్‌కు వెంట్రుకంత సన్నటి తీగ చుట్ట, ఒక కెపాసిటర్ ఉంటాయి. ఉయ్యాలను దాని లయ పట్టి తోస్తే చిన్న బలానికే పెద్దగా ఊగుతుంది కదా, ఆ జంట కూడా తనకు తగిన పౌనఃపున్యం తగలగానే ఎక్కువ స్పందించి చిప్‌కు కావలసిన శక్తిని కూడబెడుతుంది. కొన్ని సెంటీమీటర్ల దూరంలోనే ఇది సాధ్యం. బటన్ స్టార్ట్ కారులో తాళంచెవి బ్యాటరీ అయిపోతే దాన్ని చాలా మోడళ్ళలో స్టార్ట్ బటన్‌కు ఆనించి నొక్కమని చెప్పేది అందుకే.

శక్తి అందిన చిప్ తన గుర్తింపు సంఖ్యను చెబుతుంది. తొలితరం చిప్‌లు ఆ సంఖ్య ఒక్కటే చెప్పేవి. విన్నవాడెవడైనా దాన్ని మరో చిప్‌లో రాసి నకలు చేయగలడు. తర్వాతి తరం చిప్‌లు రహస్యాన్ని బయటపెట్టకుండానే అది తమకు తెలుసని రుజువు చేస్తాయి. కారు యాదృచ్ఛికంగా ఒక సంఖ్యను పంపుతుంది. చిప్ దాన్ని తన లోపలి రహస్య సంఖ్యతో కలిపి ఒక లెక్క చేసి జవాబు పంపుతుంది. కారు కూడా అదే లెక్క చేసుకుని రెండు జవాబులను పోల్చి చూస్తుంది. సరిపోతే ఇంధనానికీ, మంట పుట్టడానికీ అనుమతి. ప్రశ్న ప్రతిసారీ మారుతుంది కనుక నిన్నటి జవాబు ఇవాళ పనికిరాదు. ఇదంతా సెకనులో చిన్న భాగంలో ముగుస్తుంది.

రహస్య సంఖ్య పొడవు 40 బిట్లయితే సాధ్యమైన సంఖ్యలు 1,09,951 కోట్లు దాటుతాయి. ఇత్తడి రేకుల 65,536 పక్కన ఈ అంకె పెట్టి చూస్తే చిప్ వల్ల రక్షణ ఎంత పెరిగిందో తెలుస్తుంది. తాళంచెవులన్నీ పోయిన యజమానికి కష్టం ఎంత పెరిగిందో కూడా ఆ అంకే చెబుతుంది.

దొంగలు రాయించిన చట్టం

తాళంచెవి తిప్పి ఇంజన్ స్టార్ట్ చేసే పద్ధతి 1949 క్రైస్లర్ కార్లతో మొదలైంది. ఆ తర్వాత దశాబ్దాల పాటు స్టీరింగ్ కింద వైర్లు కలిపి బండి ఎత్తుకుపోవడం దొంగలకు సులువైన పని. 1986లో జనరల్ మోటార్స్ తన కార్వెట్ కారు తాళంచెవిలో ఒక చిన్న విద్యుత్ నిరోధకాన్ని అమర్చింది. దానికి 15 విలువలే ఉండేవి, అయినా అది మంచి ఆరంభం. 1990ల మొదట్లో ఐరోపాలో కార్ల దొంగతనాలు విపరీతంగా పెరగడంతో ఐరోపా సమాజం 1995లో ఒక ఆదేశం తెచ్చింది. 1998 అక్టోబరు నుంచి అక్కడ అమ్మే కొత్త కార్లన్నిటికీ ఇమ్మొబిలైజర్, అంటే ఇంజన్‌ను అడ్డుకునే ఈ చిప్ ఏర్పాటు, తప్పనిసరి అయింది. కెనడా 2007లో అదే దారి పట్టింది. మన దేశంలో 2000ల దశకం నడిమికి సామాన్యులు కొనే కార్లలోకి కూడా ఇది చేరింది.

ఇది లేకపోతే ఏమవుతుందో అమెరికా చూపించింది. అక్కడ చట్టం ఇమ్మొబిలైజర్‌ను తప్పనిసరి చేయలేదు. 2015 మోడళ్ళలో మిగతా కంపెనీల కార్లలో 96 శాతానికి అది ఉంటే, హ్యుందాయ్, కియా కార్లలో 26 శాతానికే ఉందని బీమా రంగానికి చెందిన పరిశోధన సంస్థ తేల్చింది. 2022లో ఆ కార్లను ఒక యూఎస్‌బీ తీగ ముక్కతో ఎలా నడపవచ్చో చూపే వీడియోలు కుర్రవాళ్ళ మధ్య పాకిపోయాయి. ఊరూరా దొంగతనాలు పెరిగాయి. కంపెనీలు 2023 ఫిబ్రవరిలో సుమారు 83 లక్షల బండ్లకు సాఫ్ట్‌వేర్ మార్పు ప్రకటించవలసి వచ్చింది. కారులో ఒక చిన్న చిప్ ఖర్చు మిగుల్చుకున్నందుకు లక్షల కుటుంబాలు మూల్యం చెల్లించాయి.

కొత్త తాళంచెవికి పరిచయం చేయించడం

ఒక తాళంచెవి ఉండగా రెండోది చేయించడానికీ, అన్నీ పోయాక చేయించడానికీ చాలా తేడా ఉంది. ఒకటి ఉంటే పట్టీని చూసి పట్టీ కోయవచ్చు. కొన్ని రకాల చిప్‌లను చదివి నకలు తీయవచ్చు. కొన్ని కార్లు పాత తాళంచెవి సాక్ష్యం మీద కొత్తదాన్ని చేర్చుకుంటాయి. అన్నీ పోతే సాక్షి లేడు. అప్పుడు నేరుగా కారు కంప్యూటర్‌తోనే మాట్లాడాలి.

కారు కంప్యూటర్ తాను నమ్మే తాళంచెవుల జాబితాను చెరగని జ్ఞాపకంలో దాచుకుంటుంది. ఆ జాబితా తెరవడానికి దారి స్టీరింగ్ కింద ఉండే 16 పిన్నుల ఓబీడీ సాకెట్. పొగ కాలుష్యాన్ని పరీక్షించేందుకు పుట్టిన ఈ సాకెట్‌ను అమెరికా 1996లో తప్పనిసరి చేసింది. మన దేశంలో 2010 తర్వాత దశలవారీగా వచ్చింది. దానికి పరికరం తగిలించి, ఆ కారుకే చెందిన రహస్య పిన్ నంబరు ఇస్తే జాబితా తెరుచుకుంటుంది. షోరూమ్ వాళ్ళు ఛాసిస్ నంబరు కంపెనీకి పంపి ఆ పిన్ తెప్పిస్తారు. బయటి నిపుణులు కొన్ని మోడళ్ళలో పరికరంతోనే దాన్ని రాబడతారు. మరికొన్నిటిలో కంప్యూటర్ పెట్టెను విప్పి మెమరీ చిప్‌ను చదవాలి. కొన్ని జనరల్ మోటార్స్ మోడళ్ళలో 10 నిమిషాల చొప్పున మూడుసార్లు ఆగాలి. అడ్డదారిన వచ్చినవాడికి అంతసేపు నిలబడే ధైర్యం ఉండదన్న ఆలోచనతోనే ఆ ఆలస్యం పెట్టారు.

ఈ పని జరుగుతుండగా కారు బ్యాటరీ బలహీనంగా ఉండకూడదు. రాయడం మధ్యలో ఓల్టేజీ పడిపోతే కంప్యూటర్ జ్ఞాపకం చెడిపోయి, ఒక తాళంచెవి ఖర్చు కాస్తా పెట్టె మార్చే ఖర్చుగా మారవచ్చు. వారాల తరబడి కదలని బండికైతే ముందు బ్యాటరీ ఛార్జి చేయించాలి.

చివరి మెట్టు చాలామంది మరిచిపోయేది. పోయిన తాళంచెవులను జాబితా నుంచి తీసేయించాలి. తీసేశాక అవి ఎవరి చేతికి చిక్కినా ఇంజన్ లేవదు. అయితే పాత పట్టీకి తలుపు తాళం ఇంకా తెరుచుకుంటుంది. తాళంచెవి దొంగతనానికే గురైందన్న అనుమానం ఉంటే తాళం సెట్టు కూడా మార్చుకోవడం మేలు.

కరీంనగర్, మంచిర్యాల, ఆదిలాబాద్ వంటి పట్టణాల్లో ఉన్నవాళ్ళకు షోరూమో, పరికరం తెచ్చే నిపుణుడో దగ్గరే. ఉట్నూరు లోపలి గూడెంలోనో, సిర్పూరు వైపు దారిలోనో బండి ఆగిపోతే సమస్య వేరు. తాళంచెవి తీయగానే స్టీరింగ్‌ను ఒక ఇనుప పిన్ను బంధిస్తుంది. ముందు చక్రాలు తిరగని బండిని తాడు కట్టి లాగలేరు. దాన్ని ఎత్తి పెట్టుకుపోయే చదును లారీ కావాలి. అందుకే బండిని షోరూమ్‌కు తీసుకుపోవడం కన్నా పనివాడినే బండి దగ్గరికి పిలిపించడం ఇలాంటి చోట్ల తేలిక.

ఒకే పరికరం, ఇద్దరి చేతుల్లో

యజమానికి దారి చూపే పరికరం దొంగకూ చూపగలదు. 2022లో హైదరాబాద్ పోలీసులు రాజస్థాన్‌కు చెందిన ఒక అంతర్రాష్ట్ర కార్ల దొంగను అరెస్టు చేశారు. తాళంచెవులు ప్రోగ్రామ్ చేసే ఎలక్ట్రానిక్ పరికరంతోనే అతను ఖరీదైన కార్లు ఎత్తుకుపోయాడని తేల్చారు. తలుపు దాటి ఓబీడీ సాకెట్ దాకా చేరితే చాలు, కొన్ని మోడళ్ళు కొత్త తాళంచెవిని సులువుగానే ఒప్పేసుకుంటున్నాయని ఆ కేసు చెప్పింది.

శాస్త్రవేత్తలు ఈ బలహీనతలను ముందే ఎత్తిచూపారు. 2005లో జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయం, ఆర్ఎస్ఏ ప్రయోగశాలల పరిశోధకులు 40 బిట్ల రహస్యం ఉన్న చిప్‌ను ఛేదించి, నకలుతో కారు స్టార్ట్ చేసి చూపించారు. 2011లో జ్యూరిక్‌లోని ఈటీహెచ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు బటన్ స్టార్ట్ కార్లను పరీక్షించారు. ఇంట్లో ఉన్న తాళంచెవి సంకేతాన్ని ఇద్దరు మనుషులు అందిపుచ్చుకుని కారు దాకా చేరవేస్తే, తాళంచెవి పక్కనే ఉందని కారు నమ్ముతుందా అన్నది వాళ్ళ ప్రశ్న. ఎనిమిది కంపెనీల పది మోడళ్ళను పరీక్షిస్తే పదీ నమ్మాయి. లెక్క ఎంత గట్టిదైనా దూరాన్ని కొలవకపోతే మోసం తప్పదని తేలింది. ఇప్పుడు కొన్ని కొత్త కార్లు రేడియో తరంగం వెళ్ళి వచ్చిన కాలాన్ని కొలిచి తాళంచెవి నిజంగా ఎంత దూరంలో ఉందో తేల్చుకుంటున్నాయి.

కనుక తాళంచెవి చేసే నిపుణుడు ఆర్‌సీ, గుర్తింపు కార్డు, పోలీసుల దగ్గర నమోదు చేయించిన పత్రం అడిగితే విసుక్కోకూడదు. ఏమీ అడగకుండా చేసిచ్చేవాడు రేపు మరొకరికీ మన బండి తాళంచెవి అలాగే చేసిస్తాడు. కారుకు మనిషి తెలియనప్పుడు ఆ మనిషి యజమానేనా అని చూడవలసిన బాధ్యత చేసేవాడిదే. పరికరాలు ఎంత మారినా పాత బజారు పనివాడికీ కొత్త ప్రోగ్రామర్‌కూ ఈ ధర్మం ఒకటే.

బండి మూసుకుపోయినప్పుడు ఆర్‌సీ లోపలి డబ్బాలోనే ఉండిపోవడం తరచూ జరుగుతుంది. తెలంగాణ రవాణా శాఖ 2016లో తెచ్చిన ఎం-వాలెట్‌లోనూ, కేంద్రం డిజీలాకర్‌లోనూ ఆర్‌సీని ఫోనులో ఉంచుకోవచ్చు. బీమా పాలసీలో తాళంచెవి మార్పిడికి అదనపు రక్షణ ఉందేమో చూసుకోవాలి. బండి దొంగతనానికి గురైనప్పుడు పరిహారం కోసం వెళితే బీమా కంపెనీలు రెండు తాళంచెవులూ చూపమంటాయి. ఒకటి పోయిన రోజే పోలీసుల దగ్గర నమోదు చేయించి, కంపెనీకి చెప్పి ఉంచడం ఆనాటికి అక్కరకొస్తుంది.

సెకండ్‌హ్యాండ్ కారు కొనేవాళ్ళు రెండు తాళంచెవులూ, నంబరు బిళ్ళా అడిగి తీసుకోవాలి. ఒక్కటే ఇస్తే జాబితాలో ఎన్ని నమోదై ఉన్నాయో పరికరంతో చూపించమనాలి, తెలియనివి తీసేయించాలి. ఇంట్లో రెండోది ఉన్నవాళ్ళు దాన్ని నెలకోసారి బండిలో పెట్టి ఇంజన్ లేస్తోందో లేదో చూసుకోండి. తాళంచెవి నంబరును ఫొటో తీసి బండికి దూరంగా భద్రపరచండి. రెండింటినీ ఒకే రింగుకు తగిలించి ప్రయాణానికి తీసుకెళ్ళకండి. ఒక్కటే మిగిలినవాళ్ళు ఈ వారమే రెండోది చేయించుకోండి. సాక్షిగా పాతది చేతిలో ఉన్నప్పుడు పని సులువు, ఖర్చు తక్కువ.